ఎడ్లబండి పక్కన పెంగ్విన్

(హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం డిజైన్ విద్యార్థులూ ఊరివాళ్లూ కలిసి కూర్చున్న చిన్న సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ 'థీమ్ పార్క్ డిజైనర్' అన్నారు. అంత పెద్ద మాట అక్కర్లేదు. నేను వరంగల్ చౌరస్తా దగ్గర సినిమా బ్యానర్లు రాసే షాపులో బ్రష్‌లు కడుగుతూ మొదలైనవాణ్ని. ఫ్లెక్సీలు వచ్చాక ఆ షాపు మూతపడింది. హైదరాబాద్ పోయి సినిమా సెట్లకు పనిచేశాను. సెట్ల నుంచి పార్కుల్లోకి వచ్చాను. సిమెంటుతో బండరాళ్లు, ఫైబర్‌తో ఏనుగులు, ఇనుప చువ్వలతో మర్రిచెట్లు. ఇన్నేళ్లుగా లేనిదాన్ని ఉన్నట్టు చూపించడమే నా పని. మా ఇంట్లో ఆవిడ ఈ మాటే వేరే సందర్భంలో అంటుంది. (నవ్వులు)

పార్కును పెంచుకుంటూ పోయేటప్పుడు అన్నిటినీ కలిపే ఒక థీమ్ ఉండాలా, అక్కర్లేదా? మీరు నాకిచ్చిన ప్రశ్న ఇది. దీన్ని నన్ను మొదట అడిగింది ఒక ముసలమ్మ.

చాలా ఏళ్ల కిందటి సంగతి. ఉత్తర తెలంగాణలోనే, ఊరి పేరు చెప్పను, హైవే పక్కన ఒకాయన పార్కు పెట్టాడు. ఎనిమిదెకరాలు. పల్లెటూరి పార్కు. గేటు దగ్గర ఎర్రమన్ను పూసిన గోడలు, వాటి మీద తెల్ల ముగ్గులు. లోపల ఎడ్లబండి, మోటబావి, కుమ్మరి సారె. నిజం కుమ్మరే కూర్చుని పిల్లల చేతులు పట్టుకుని మట్టి మీద పెట్టించేవాడు. హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చినవాళ్లు కూడా ఆగి చూసేవారు. రెండేళ్లు బాగా నడిచింది. మూడో ఏడు జనం తగ్గారు. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ రావడం లేదు. ఆయన పక్కన మూడెకరాలు కొన్నాడు, నన్ను పిలిచాడు. 'అన్నా, మంచు గది పెడదాం. హైదరాబాద్‌లో స్నో వరల్డ్‌కు ఎట్ల పోతున్నరో చూస్తున్నవు గదా. మన దగ్గర పెడితే పిల్లలు ఎగబడతరు' అన్నాడు. నేను సరే అన్నాను. పని లేక ఖాళీగా ఉన్న రోజులు. పద్నాలుగు పెంగ్విన్లు చేశాను, ఫైబర్‌వి. బాగానే వచ్చాయి, నా పని నేనే చెప్పుకోకూడదు గానీ.

గది కట్టడం ఆలస్యమైంది. చల్లబరిచే మెషిన్లు రాలేదు. పెంగ్విన్లను పెట్టడానికి చోటు లేక తీసుకుపోయి ఎడ్లబండి పక్కన వరసగా నిలబెట్టాం. ఉగాదికి పెట్టినవి మృగశిర దాకా అక్కడే ఉన్నాయి. ఒకరోజు నేను వాటి ముక్కులకు రంగు వేస్తుంటే మనవణ్ని చంకనెత్తుకుని ఒక ముసలమ్మ వచ్చింది. కాసేపు చూసి, 'బిడ్డా, ఇవేం కోళ్లు?' అంది. (నవ్వులు) మంచుదేశం పక్షులమ్మా అన్నాను. ఆమె ఇంకాసేపు చూసింది. 'మరి ఈడికెందుకొచ్చినయ్? ఎండకు సావయా?'

నాకు జవాబు దొరకలేదు. ఆమె నవ్వించడానికి అనలేదు. నిజంగానే అడిగింది. పార్కులు పెంచేవాళ్ల గురించి ఎక్కడ ఏం చదివినా, ఎవరితో మాట్లాడినా చివరికి ఆ ప్రశ్న దగ్గరికే వస్తాను. ఇది ఇక్కడికెందుకొచ్చింది?

ముందు ఓనర్ల వైపు నుంచి ఒక మాట. పార్కు పెంచడమనేది సరదా కాదు. పార్కు పెట్టిన ఏడాది అది కొత్త, జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. తర్వాత కరెంటు బిల్లు అంతే ఉంటుంది, జీతాలు పెరుగుతాయి, కొత్తదనం మాత్రం పోతుంది. పైగా రైడ్లకు ఒక లెక్క ఉంటుంది. ఇరవై మంది కూర్చునే బండి రెండు నిమిషాలకొకసారి కదిలితే గంటకు ఆరు వందల మంది. సంక్రాంతి సెలవుల్లో ఆరు వేల మంది వస్తే ఆ ఒక్క రైడ్ ముందు ఏమవుతుందో మీరే ఊహించుకోండి. క్యూలో నిలబడ్డవాడు తిట్టుకుంటాడు, బయట చెప్తాడు. అందుకని ఇంకో రైడ్ కావాలి, ఇంకో చోటు కావాలి. పెంచకపోతే పార్కు చస్తుంది. పెంచితే అసలు అదేం పార్కో మర్చిపోతుంది. ఈ రెండింటి మధ్యే టెన్షనంతా.

ఇప్పుడు థీమ్ అసలు అవసరమా అంటే, లేకుండా బ్రహ్మాండంగా నడిచినవి ఉన్నాయి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున సీడార్ పాయింట్ అని ఉంది. 1870 నుంచీ ఉంది. అక్కడ కథలేం లేవు, రోలర్ కోస్టర్లే. 2000లో మిలీనియం ఫోర్స్ అని 310 అడుగుల ఎత్తున ఒకటి కట్టారు. మన చార్మినార్ దాని పక్కన నిలబెడితే చిన్నబోతుంది. మూడేళ్లకు 420 అడుగులతో ఇంకోటి. అక్కడికి పోయేవాడు భయపడటానికి పోతాడు. కొత్తగా వచ్చేది పాతదానికన్నా ఎత్తుగానో, వేగంగానో ఉంటే చాలు, ముసలమ్మ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

అంత దూరమెందుకు? ఐనవోలు మల్లన్న జాతరకు పోయినవాళ్లు చేతులెత్తండి. ఆ, దాదాపు అందరూ. గుడి దగ్గర ఒగ్గుకథ నడుస్తుంటుంది, బోనాలు వస్తుంటాయి. కొంచెం అవతల జెయింట్ వీల్, రంగులరాట్నం, మృత్యుబావిలో మోటార్ సైకిళ్లు, ప్లాస్టిక్ బొమ్మలు, మిర్చి బజ్జీలు. థీమ్ పాడైందని ఎవరైనా అన్నారా? జాతర అంటేనే అన్నీ ఉంటాయని మాటిచ్చినట్టు. అక్కడ పెంగ్విన్ పెట్టినా ముసలమ్మ అడగదు, పక్కన నిలబడి ఫొటో దిగుతుంది. పల్లెటూరి పార్కులో ఎందుకడిగింది? గేటు దగ్గర మేము ఆమెకు ఒక మాట ఇచ్చాం గనక. ఎర్రమన్ను గోడ, ముగ్గు, ఎడ్లబండి, అవన్నీ కలిసి ఇచ్చిన మాట అది. తర్వాత మేమే తప్పాం.

నా లెక్కలో థీమ్ అంటే అంతే, గేటు దగ్గర ఇచ్చిన మాట. గోడలకు వేసే రంగులు ఆ తర్వాత.

చాలామంది అనుకుంటారు, డిస్నీల్యాండ్‌కు ఒకే థీమ్ ఉంటుందని. లేదు. 1955 జూలై 17న తెరిచిన రోజునే దాంట్లో అయిదు లోకాలు. గేటు దాటగానే పాతకాలపు అమెరికా ఊరి వీధి. అది దాటితే అడవి ఒకవైపు, పడమటి సీమ ఒకవైపు, మంత్రాల కోట, భవిష్యత్తు. వీటికీ వీటికీ ఏం సంబంధం? ఏమీ లేదు. కానీ మధ్యలో గుండ్రటి కూడలి ఉంది. అక్కడి నుంచి అన్ని దారులూ చీలతాయి. చుట్టూ ఎత్తయిన మట్టికట్ట పోసి దాని మీద రైలు నడిపారు. ఆ కట్ట వల్ల లోపలున్నవాడికి బయటి ఊరు, కరెంటు స్తంభాలు కనపడవు. లోపల ఎన్ని కథలున్నా ఇచ్చిన మాట ఒక్కటే: ఈ కట్ట దాటాక నీ రోజువారీ ఊరు నీకు కనపడదు.

ఈ కట్ట సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు మన ఖిలా వరంగల్ గుర్తొచ్చింది. మట్టికోట దాటి, రాతికోట దాటి లోపలికి పోతాం. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో స్వయంభూ గుడి. ఎటునుంచి వచ్చినా చూపు తోరణంలోంచి నడుమకు పోతుంది. కాకతీయులు పార్కు కట్టలేదు, నేను అట్ల అనను. కానీ నడిచే మనిషి చూపును ఎటు లాగాలో వాళ్లకు తెలుసు. మా పనిలో సగం అదే.

మిగతా సగం రాయి. రాయి ఎలా చేస్తామో కొంచెం చెప్తాను, విద్యార్థులున్నారు కాబట్టి. ముందు ఇనుప చువ్వలు వంచి బొమ్మలా అస్థిపంజరం కడతాం. దాని మీద చికెన్ మెష్, కోళ్ల గూటికి వాడే జాలీ. దాన్ని సన్నటి వైరుతో చువ్వలకు ముడేస్తాం. ఆ పైన సిమెంటు రెండు పొరలు. రెండో పొర తడి ఆరకముందే అసలు పని. నలిపిన ప్లాస్టిక్ కవరు అద్ది తీస్తే ఒకరకం గరుకు వస్తుంది, కొబ్బరి పీచుతో గీస్తే ఇంకో రకం. పగుళ్లు తాపీ అంచుతో తీస్తాం. అన్నీ ఒకే వైపుకు పగలాలి, నిజం రాయి అట్లే పగులుతుంది. తర్వాత రంగు. ముదురు రంగు నీళ్లలా పలచగా చేసి పైనుంచి పారబోస్తే సందుల్లోకి పోయి నిలుస్తుంది. ఆరాక పొడి బ్రష్‌తో లేత రంగు పైపైన తాకిస్తే ఉబ్బులన్నీ వెలుగుతాయి. మీటరు దూరం నుంచి చూస్తే రాయే. తట్టి చూస్తే మాత్రం బోలు. పిల్లలు తప్పకుండా తడతారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇంత కష్టపడి చేసిన రాయిని ఒక్క స్పీకరు పాడుచేస్తుంది. ఆ పల్లెటూరి పార్కులో మోటబావి దగ్గర జానపదాలు పెట్టేవారు. పక్కన తర్వాత పెట్టిన బంపర్ కార్ల దగ్గర డీజే పాట. బావి దగ్గర నిలబడితే రెండూ కలిసి చెవిలో పడేవి. కంటికి గోడ కట్టొచ్చు గానీ చెవికి కట్టలేం. కొత్త భాగం కలిపేటప్పుడు అందరూ ముందు గేటు గురించీ, బొమ్మల గురించీ మాట్లాడతారు. రెండు భాగాల మధ్య ఇరవై అడుగుల ఖాళీ ఎవరూ వదలరు. ఆ ఖాళీలో నాలుగు వెదురు పొదలు, ఒక నీటి ధార పెడితే నీళ్ల చప్పుడులో పాట కొంతైనా మరుగున పడుతుంది. ఖాళీకి టికెట్ రాదు కదా, అందుకని వదలరు.

నాకు బాగా ఇష్టమైన పార్కు నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్. 1952లో కాత్సహ్యూవెల్ అనే ఊళ్లో ఒక అడవిలో పది జానపద కథలు పెట్టి మొదలుపెట్టారు. బొమ్మలన్నీ ఆంటన్ పీక్ అనే చిత్రకారుడి గీతలు. అక్కడ చెత్తడబ్బా కూడా కథలోదే. లావుపాటి మనిషి బొమ్మ నోరు తెరుచుకుని కాగితం ఇక్కడ వెయ్యండి అని అరుస్తుంటుంది. పిల్లలు దాని నోట్లో వెయ్యడానికి నేల మీది చెత్త వెతుక్కుని ఏరుకొస్తారు. మన మున్సిపాలిటీవాళ్లు ఎవరైనా ఉంటే రాసుకోండి. (నవ్వులు)

ఈ పార్కుకు కూడా మన పెంగ్విన్ లాంటి రోజే వచ్చింది. 1981లో పైథాన్ అని పెద్ద రోలర్ కోస్టర్ పెట్టారు. ఇనుప పట్టాలు, తలకిందులయ్యే మలుపులు. కథా లేదు, పేదరాశి పెద్దమ్మా లేదు. కథల అడవిలో ఈ ఇనుమేంటని అక్కడి జనం గొడవ చేశారు. కానీ అది ఉండిపోయింది, జనం దానికోసం వచ్చారు. కొత్త వయసు పిల్లలకు కథల అడవి ఒక్కటే సరిపోదు, అదీ నిజమే. నాకు నచ్చింది వాళ్లు తర్వాత చేసింది. 2010లో చెక్క రోలర్ కోస్టర్ పెట్టినప్పుడు డ్రాగన్‌తో పోరాడే వీరుడి కథ కట్టారు. రెండు బళ్లు పందెం వేసుకుంటాయి. 2015లో బారన్ 1898 అని నిట్టనిలువుగా కిందికి పడే రైడ్ పెట్టి, దానికి బంగారు గని కథ చెప్పారు. గనిలోకి దిగడమంటే పడటమే కదా, ఆ భయానికి కారణం కథలోనే ఉంది. పైథాన్‌ను పీకెయ్యలేదు, తప్పు చేశామని దండోరా వెయ్యలేదు. తర్వాతి ఇనుముకు మాత్రం నోరు ఇచ్చారు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. టెక్సాస్‌లో 1961లో సిక్స్ ఫ్లాగ్స్ అని పార్కు పెట్టారు. ఆ నేల మీద చరిత్రలో ఆరు రాజ్యాల జెండాలు ఎగిరాయి, ఒక్కో జెండాకు ఒక్కో భాగం. చక్కటి ఆలోచన. ఆ కంపెనీ ఇంకో రాష్ట్రానికి, ఇంకో రాష్ట్రానికి పోయింది. పేరు వెంట పోయింది, జెండాల కథ మొదట్లో కొంత దూరం పోయి తర్వాత జారిపోయింది. ఇప్పుడు అది కోస్టర్ల కంపెనీ. ఆ ఆరు ఏంటని అక్కడి పిల్లవాణ్ని అడిగితే ఎంతమంది చెప్తారో నాకు అనుమానమే. మన దగ్గర 'కాకతీయ' అనే మాటకు జరుగుతున్నది కూడా ఇదే. టైర్ల షాపు కాకతీయ, టిఫిన్ సెంటర్ కాకతీయ. ఆ సంగతికి తర్వాత వస్తా.

డిస్నీవాళ్లు కూడా దెబ్బతిన్నారు. 2001లో కాలిఫోర్నియాలో, పాత డిస్నీల్యాండ్‌కు ఎదురుగా, రెండో పార్కు పెట్టారు. దాని థీమ్ కాలిఫోర్నియా. కాలిఫోర్నియాలో ఉండేవాడికి టికెట్ పెట్టి కాలిఫోర్నియా చూపించడం! హనుమకొండ చౌరస్తా నకలు చేసి హనుమకొండవాళ్లకు అమ్మినట్టు. థీమ్ ఉంది, చాలా స్పష్టంగా ఉంది, అన్నీ దానికి కట్టుబడే ఉన్నాయి. అయినా అనుకున్నంత జనం రాలేదు. తర్వాత 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి, 2012కల్లా సగం తిరగరాసి, కార్స్ అనే బొమ్మల సినిమా లోకం ఒకటి కలిపాక గానీ అది నిలబడలేదు. కాబట్టి థీమ్ ఉంటే చాలు గట్టెక్కుతాం అనే భ్రమ వద్దు. పిల్లవాడికి అక్కడికి పోవాలన్న కోరిక పుట్టించని థీమ్, గోడకు కొట్టిన బోర్డు.

డిస్నీవాళ్లదే ఎప్‌కాట్ అనే పార్కు కథ ఇంకోలా ఉంటుంది. ఫ్లోరిడాలో 1982లో తెరిచారు. సగం సైన్సు, భవిష్యత్తు. మిగతా సగంలో సరస్సు చుట్టూ దేశాలు. ఇప్పుడు పదకొండు దేశాలున్నాయి, మన దేశం లేదు, ఆ కోపం నాకుంది. నార్వే దేశం వాటాలో పాత పడవ సవారీ ఒకటి ఉండేది, వైకింగులు, సముద్రం, తుఫాను. 2014లో దాన్ని మూసి, 2016లో అదే కాలువలో ఫ్రోజెన్ సినిమా రాకుమార్తెల సవారీ పెట్టారు. సినిమాలోది ఆరెండెల్, కల్పించిన రాజ్యం. నిజం దేశాల వరసలో లేని దేశం వచ్చి కూర్చుంది. పాత అభిమానులు గోల పెట్టారు. క్యూ మాత్రం పొడుగైంది.

ఇక్కడ నా మనసు రెండువైపులా లాగుతుంది. వ్యాపారిగా ఆలోచిస్తే వాళ్లు చేసింది రైటే. కానీ నేను చిన్నప్పుడు పబ్లిక్ గార్డెన్‌లో కూర్చుని ప్రపంచపటం పుస్తకం తిరగేసినవాణ్ని. సినిమా చూసిన పిల్లకు ఆరెండెల్ ముందే తెలుసు. నార్వే తెలీదు. తెలీనిదాన్ని చూపిస్తామన్న మాట మీద కట్టిన చోట తెలిసినదాన్నే మళ్లీ చూపిస్తే, ఆ పిల్ల సంతోషంగానే ఇంటికి పోతుంది, నిజమే, కానీ ఏదో ఒకటి ఆమెకు అందకుండా పోయింది. అది ఏ లెక్కల పుస్తకంలోనూ కనపడదు.

అదే ఫ్లోరిడాలో డిస్నీవాళ్ల జంతువుల పార్కు, యానిమల్ కింగ్‌డమ్ చూడండి. 1998లో తెరిచారు. 2017లో అక్కడ అవతార్ సినిమా లోకం పెట్టినప్పుడు కూడా ఇదే గోల: జంతువుల పార్కులో నీలం మనుషులేంటని. నాకైతే అది అతికిందనిపిస్తుంది. ఎందుకంటే మొదటి రోజు గీసిన పార్కు గుర్తులోనే ఏనుగు, డైనోసార్‌లతో పాటు డ్రాగన్ కూడా ఉంది. ఉన్న జంతువు, పోయిన జంతువు, ఊహలోని జంతువు, మూడూ చూపిస్తామని వాళ్లు ముందే అన్నారు. ఊహా జంతువుల భాగం డబ్బుల్లేక కట్టలేదు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత అవతార్ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. గేటు దగ్గర మాట ఇచ్చేటప్పుడే కొంచెం విశాలంగా ఇస్తే తర్వాత వచ్చేవాటికి చోటు ఉంటుంది. ఆ పార్కులోనే ఆసియా భాగంలో కల్పించిన ఊరు ఒకటుంది, పేరు ఆనందపూర్. పెచ్చులూడిన గోడలు, వెలిసిపోయిన రంగులు, వంకర వైర్లు, అన్నీ కావాలని చేసినవి. మన దగ్గర ఊరికే వచ్చేదాన్ని వాళ్లు లక్షలు పెట్టి చేయించుకున్నారు. (నవ్వులు)

మన వైపుకు వద్దాం. రామోజీ ఫిల్మ్ సిటీలో లండన్ వీధి పక్కనే రైల్వే స్టేషన్ ఉన్నా ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించదు. అది సినిమా సెట్ అని మొదటే చెప్పారు, సెట్టుల పక్కన సెట్టే ఉంటుంది. రావిర్యాల వండర్‌లాకు పోయేవాడు రైడ్లకూ నీళ్లకూ పోతాడు. నాగార్జునసాగర్‌లో 274 ఎకరాల్లో బుద్ధవనం 2022లో తెరిచారు. అక్కడ స్తూపాలు, జాతక కథలు, బుద్ధుడి జీవితం. ఎంత పెంచినా బుద్ధుడి చుట్టే పెరగాలి. ఈ మూడూ నాకు సమ్మతమే, మూడూ మూడు రకాల మాటలు.

మరి ఓరుగల్లులో పెడితే? చాలామంది నోట వచ్చే మొదటి మాట కాకతీయ థీమ్. నేను ఆ మాట వింటే భయపడతాను. కీర్తితోరణం నకలు ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ఫంక్షన్ హాల్‌కు చేశాను, వెంచర్ గేటుకు చేశాను, ఒకసారి పెట్రోల్ బంకుకు కూడా అడిగారు. రాష్ట్ర చిహ్నంలో ఉన్నదాన్ని, అసలుది కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్నదాన్ని, ఫైబర్‌లో చేసి టికెట్ పెడితే అది కాలిఫోర్నియావాళ్ల తప్పే. రామప్ప గుడి బయట నల్లరాతి మదనికలున్నాయి. ఆ నడుము వంపును, ఆ నగల సన్నపనిని ఫైబర్ అచ్చులో తీస్తే ఏమవుతుందో నాకు తెలుసు, తీశాను గనక. అంచులన్నీ సబ్బులా కరిగినట్టొస్తాయి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి గంటన్నర దూరంలో ఉండగా సబ్బు మదనికను ఎవడు చూస్తాడు?

నన్నడిగితే చెరువు. కాకతీయులు మనకిచ్చినవాటిలో నకలు చెయ్యాల్సిన పని లేనిది అదొక్కటే, ఎందుకంటే అది ఒక ఆకారం కాదు, ఒక పద్ధతి. గొలుసుకట్టు చెరువులు తెలుసు కదా. పై చెరువు నిండితే మత్తడి దుంకుతుంది, ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి, అది నిండితే ఇంకో కిందిదానికి. పై చెరువు నిండకుండా కిందిది నిండదు. రామప్ప, పాఖాల, లక్నవరం అన్నీ ఆ కాలపు బుర్రలే.

పార్కు పెంచే పద్ధతి కూడా ఇదే అయితే ఎట్లుంటుంది? కట్ట ఎక్కి లోపలికి వస్తారు. కట్ట మీద తాటిచెట్లు, ఒక పోచమ్మ గుడి, కింద మొదటి చెరువు. పుట్టిలో తిరగొచ్చు. తర్వాత తూములోంచి చీకట్లో పడవ సవారీ, లోపల చెరువు తవ్విన ఒడ్డెరల కథ, వాళ్ల పాటలు. బయటికొస్తే మత్తడి. జారి నీళ్లలో పడే రైడ్లు ప్రపంచమంతా ఉన్నాయి, మన దగ్గర దానికి పేరు ముందే ఉంది, మత్తడి దుంకుడు. అయిదేళ్లకు డబ్బులొస్తే కింద ఇంకో చెరువు, దాని చుట్టూ ఇంకో కథ, పొలాలో, బెస్తవాళ్లో. పైనుంచి పారిన నీళ్లు అక్కడికి చేరాలి. పారే నీళ్లను అడిగితే చాలు, ఇది ఇక్కడికెందుకొచ్చిందో అవే చెప్తాయి. పెంగ్విన్ రాదు, కొంగ వస్తుంది.

ఒక్క షరతు. ఇదంతా నిజం చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, కట్టకూడదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హంటర్ రోడ్డు వైపు కాలనీల్లోకి నీళ్లు ఎట్ల వచ్చాయో ఇక్కడున్నవాళ్లలో సగం మంది మోకాళ్లకు తెలుసు. చెరువును మింగి చెరువు పార్కు పెట్టే తెలివి మనవాళ్లకు లేదనుకోను.

ఆ పెంగ్విన్లు ఏమయ్యాయని ఇందాకటి నుంచి ఒకబ్బాయి సైగ చేస్తున్నాడు. మంచు గది రెండు ఎండాకాలాలు నడిచింది. కరెంటు బిల్లు చూసి ఆయనే మూసేశాడు. నా చివరి బిల్లు ఇప్పటికీ రాలేదు, అది వేరే కథ. ఆరు పెంగ్విన్లను ఐస్‌క్రీమ్ షాపులవాళ్లు కొనుక్కుపోయారు. కొన్ని విరిగిపోయాయి. ఒకటి మా ఇంటి వరండాలో ఉంది, మనవలు దానికి స్కూలు బ్యాగులు తగిలిస్తారు.

అడగాలనుకున్నవాళ్లు అడగండి.

(ఒక విద్యార్థి: సార్, ఓనర్ మళ్లీ పెంగ్విన్లే కావాలంటే మీరేం చేస్తారు?)

చేస్తాను బాబూ. పదిమంది కూలీలు నా వెంట ఉంటారు, కాదనే ధైర్యం ప్రతిసారీ ఉండదు. కాకపోతే ఇప్పుడు పని మొదలుపెట్టే ముందు ఓనర్‌ను పట్టుకుని గేటు దగ్గర నుంచి లోపలికి నడిపిస్తాను. ఆయన తన పార్కు గేటులోంచి నడిచి ఏళ్లవుతుంది, వెనక ఆఫీసు దారిలో కారులో వస్తుంటాడు. నడుస్తూ ఏమేం కనపడుతున్నాయో, ఏం వినపడుతున్నాయో పైకి చెప్పమంటాను. ఇద్దరు ఓనర్లు అట్ల నడిచాక వాళ్లే మనసు మార్చుకున్నారు. ఒకాయన కోపం చేసి వేరేవాళ్లకు పనిచ్చాడు.

(ముందు వరసలోని ఒక రిటైర్డ్ టీచరమ్మ: నాయనా, థీమ్ సంగతి సరే. మే నెలలో మనవల్ని తీసుకుని వస్తే నేను కూర్చునే నీడ ఎక్కడ? అది ఏ కథలోకి వస్తుంది?)

అమ్మా, మీరు అడగకుండా ఉంటే బాగుండుననుకున్నాను. ఇందాక ఒకటి చెప్పకుండా దాటేశాను. ఆయన కొన్న మూడెకరాల్లో ఒక చింతచెట్టు ఉండేది. పాతది. పార్కుకు వచ్చినవాళ్లు కంచె దాటిపోయి మరీ దాని కింద టిఫిన్ బాక్సులు విప్పుకునేవారు. మంచు గది ప్లాను సరిగ్గా దాని మీదికొచ్చింది. పది అడుగులు పక్కకు జరిపితే సరిపోయేది, నేను జరపమని అనలేదు. కొట్టేశారు. తర్వాత జనం నీడ లేదని గొణిగితే, అదే చోటు పక్కన నాతో ఒక మర్రిచెట్టు చేయించారు. చువ్వలు, జాలీ, సిమెంటు, పైన ఫైబర్ ఆకులు. ఊడలు కూడా పెట్టాను. ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉండేది. పొద్దున పదకొండుకల్లా ఆ మొద్దును ముట్టుకుంటే చెయ్యి కాలేది.